మోటారు దొంగకి 43 రోజులు. ఇదేం శిక్షండీ?

పల్నాటి_రైతు · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ మిర్చి రేటు గురించి, పురుగు మందుల గురించి తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇది కోర్టు సంగతి. చోటు తప్పయితే అడ్మిన్ గారు వేరే విభాగంలోకి మార్చండి.

2023 ఆగస్టులో మా చేలో బావి దగ్గరున్న ఐదు హార్స్‌పవర్ మోటారు ఎత్తుకుపోయారు. 32 వేలు పెట్టి కొన్నది. తీసుకెళ్లి వాళ్ల చేలో పెట్టుకున్నా ఇంత ఏడుపు ఉండేది కాదు. వాగు గట్టు మీద సమ్మెటతో పగలగొట్టి, లోపలి రాగి తీగ లాక్కొని, పెంకు అక్కడే పడేసి పోయారు. ఆ రాగి అమ్మితే వచ్చింది 2,200 అట. అప్పుడే నాటిన మొక్క, పది రోజులు తడి లేక అరెకరం పోయింది.

పోలీసులు పట్టుకున్నారు, ఆ మాట చెప్పుకోవాలి. పక్క ఊరి కుర్రాడే, అప్పటికి 18 నిండి నాలుగు నెలలు. రెండేళ్లు వాయిదాలు. పోయిన మంగళవారం కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జడ్జి గారు "43 రోజులు రిమాండులో ఉన్నావు, అదే నీ శిక్ష, 500 జరిమానా" అన్నారు. అంతే. నేను స్టాండులో బండి వెతుక్కునే లోపు వాడు ఫ్రెండు బండెక్కి నా ముందు నుంచే పోయాడు.

నా ప్రశ్న ఒకటే. ఈ శిక్ష ఎవరి కోసం? నాకైతే కాదు.

ఉలవచారు · ఆదివారం రాత్రి 9:20

దుబాయ్‌లో అయితే చెయ్యి తీసేసేవాళ్లు అన్నాయ్. ఇక్కడ 500 కట్టించుకొని టాటా చెప్పారు.

ఆస్టిన్_రాజు · ఆదివారం రాత్రి 9:41

@ఉలవచారు దుబాయ్‌లో పదకొండేళ్లు ఉన్నా. దొంగతనానికి చేతులు తీయడం నేనెక్కడా చూడలేదు, వినలేదు. జైల్లో పెడతారు, మనలాంటోళ్లనైతే తర్వాత దేశం నుంచి పంపేస్తారు.

నల్లకోటు · ఆదివారం రాత్రి 10:05

రైతు గారూ, విజయవాడలో ప్రాక్టీసు చేస్తాను. మీ కోపం అర్థమైంది. కొన్ని విషయాలు చెప్తాను.

చేలో దొంగతనం కాబట్టి ఐపీసీ (అప్పటి శిక్షాస్మృతి) 379 పెట్టి ఉంటారు. దానికి మూడేళ్ల "వరకు" జైలు. ఆ "వరకు" అనే మాటే మన శిక్షల చట్టానికి ప్రాణం. మూడేళ్లు అనేది రేటు కాదు, పైకప్పు. ఒక్క రోజు నుంచి మూడేళ్ల దాకా ఎంతైనా, లేదా ఉత్త జరిమానా. ఎక్కడ ఆగాలో చెప్పే లెక్క చట్టంలో లేదు. 2003లో నేర న్యాయ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ శిక్షలకి మార్గదర్శకాలు కావాలంది. 2012లో సోమన్ కేసులో సుప్రీంకోర్టే చెప్పుకుంది, చట్టసభ ఇచ్చినవీ లేవు, కోర్టులు పెట్టుకున్నవీ లేవు అని. ఇవాళ్టికీ జడ్జి గారి మనసే కొలబద్ద.

రిమాండు కాలాన్ని శిక్షలోంచి మినహాయించడం (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 428 సెక్షను) చట్టంలో ఉన్నదే. కుర్రాడు ఒప్పుకున్నాడు, పాత కేసుల్లేవు, ఇరవై నిండలేదో నిండిందో. మీకు అన్యాయం జరగలేదని అనను గానీ, జడ్జి గారు చట్టం దాటలేదు.

పల్నాటి_రైతు · ఆదివారం రాత్రి 10:18

దాటలేదు సరే. పై కోర్టుకి పోయి ఆ మూడేళ్లు వేయమని నేను అడగొచ్చా?

నల్లకోటు · ఆదివారం రాత్రి 10:31

లేదండీ. శిక్ష చాలలేదని అప్పీలు చేసే హక్కు ప్రభుత్వానిదే. బాధితుడికి మూడే దారులు: నిందితుణ్ని వదిలేసినా, చిన్న నేరం కింద శిక్షించినా, పరిహారం తక్కువ ఇచ్చినా అప్పీలుకి పోవచ్చు. 2020లో పర్వీందర్ కన్సల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే వరస.

ఆ మూడోది గుర్తుపెట్టుకోండి. మీకు పరిహారం ఎంత ఇచ్చారు?

పల్నాటి_రైతు · ఆదివారం రాత్రి 10:33

పరిహారమా? ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. కానిస్టేబుల్ రాగి ముద్ద చూపించి గుర్తుపట్టావా అన్నాడు. రాగిని ఎలా గుర్తుపడతానండీ.

పాత_ఏపీపీ · సోమవారం ఉదయం 6:50

నేను అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసి రిటైరయ్యాను. కాఫీ తాగుతూ ఇది చదివితే గుచ్చుకుంది. ఆ మాట ఎత్తాల్సినవాళ్లలో నాలాంటివాడూ ఒకడు.

నేరం రుజువయ్యాక శిక్ష గురించి విడిగా వినాలన్నది చట్టం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో వచ్చిన మంచి మార్పు అది. 1976లో సంతా సింగ్ కేసులో, అలా వినలేదన్న ఒక్క కారణంతోనే సుప్రీంకోర్టు మరణశిక్షను పక్కన పెట్టి కేసును వెనక్కి పంపింది. వాడి వయసు, చదువు, ఇల్లు, అలవాట్లు, మారే అవకాశం, ఇవన్నీ ముందుంచాలి. కాగితం మీద అదీ సంగతి.

బోనులో జరిగేది ఇదీ: "నేరం రుజువైంది, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" అంటారు. వాడు ప్లీడరు వైపు చూస్తాడు. ప్లీడరు గారు లేచి "ముసలి తల్లిదండ్రులు, చిన్న పిల్లలు, సంపాదించేవాడు ఇతనొక్కడే, దయచూపాలి" అంటారు. నేను లేచి "గరిష్ఠ శిక్ష విధించాలని కోరుతున్నాం" అంటాను. హత్యాయత్నమైనా, కోళ్ల దొంగతనమైనా నా వాక్యం అదే. స్టెనో గారు ఆ పేరా ముందే టైపు చేసి ఉంచుకునేవారు, పేరు మారుస్తే చాలు. పెళ్లి కానివాడికి కూడా "చిన్న పిల్లలు" పడిన తీర్పు ఒకటి నేనే చూశాను.

ఒకసారి గొడ్డలి దెబ్బల కేసులో ఒక రైతుని అలాగే అడిగారు. వాడు చేతులు కట్టుకొని "నిన్న రాత్రి బర్రె ఈనింది సార్, దూడ కాళ్లు ముందుకొచ్చాయి, మా ఆవిడకి చేతకాదు" అన్నాడు. కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. తీర్పులో మాత్రం "సంపాదించేవాడు ఒక్కడే" అనే పడింది. ఆ మనిషి గురించి ఆ కోర్టుకి నిజంగా తెలిసిన ఒకే ఒక్క ముక్క రికార్డుకే ఎక్కలేదు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు తట్టింది నాకు.

మల్కాజిగిరి_సందీప్ · సోమవారం ఉదయం 11:15

అన్నలూ, నేను శిక్ష పడ్డోన్ని. నవ్వకుర్రి.

పోయినేడాది దోస్తుగాని బర్త్‌డే దావత్ అయినంక రోడ్డు మీద లొల్లి జేసినం. పోలీసోళ్లు ఎత్తుకపోయిర్రు. కొత్త చట్టంల తాగి పబ్లిక్‌ల అల్లరి జేస్తే 24 గంటల జైలు, లేకుంటే వెయ్యి రూపాయలు, లేకుంటే సమాజసేవ అట. నేను వెయ్యి కడతనే ఉంటి. జడ్జి సాబ్ మొకం జూసి "సిగ్నల్ కాడ ప్లకార్డు వట్టుకో, ఒక రోజు" అన్నడు.

ఎర్రటి ఎండల పొద్దుగాల్నుంచి సాయంత్రం దాంక. "తాగి రోడ్డు మీదికి రావద్దు" అని రాసుంది. మూడు గంటలకు మా మేనమామ స్కూటీ ఆపి ఫొటో దీసిండు. ఇంటికి వోయేసరికి ఫ్యామిలీ గ్రూపుల ఉన్నది. వెయ్యి కట్టుంటే గా నెలకే మర్చిపోతుంటి. గిది సచ్చిందాంక యాదికుంటది.

ఉలవచారు · సోమవారం ఉదయం 11:19

ఆ ఫొటో ఇక్కడ పెట్టు తమ్ముడూ 😂

నల్లకోటు · సోమవారం మధ్యాహ్నం 1:40

సందీప్ చెప్పింది చిన్న విషయం కాదు. ఐపీసీలో ఇదే నేరానికి జరిమానా పది రూపాయలు! 1860 నాటి పది. ఐపీసీ చోట వచ్చిన బీఎన్‌ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) దాన్ని వెయ్యి చేసి, మొదటిసారి సమాజసేవ అనే శిక్షను చేర్చారు. కాకపోతే ఆరు నేరాలకే. అందులో చిన్న దొంగతనం ఉంది: సొత్తు విలువ ఐదు వేల లోపు, మొదటి నేరం, సొత్తు వెనక్కి ఇచ్చేయాలి. రెండోసారి దొంగతనంలో దొరికితే ఏడాది తప్పదు, ఐదేళ్ల వరకు వేయొచ్చు. ఎన్ని గంటలు చేయించాలి, ఎవరు కాపలా కాయాలి అన్నది చట్టం చెప్పలేదు. అందుకని ఒక కోర్టులో ప్లకార్డు, ఇంకో కోర్టులో చీపురు.

అయినా సందీప్, నీకు గుర్తుండేది శిక్షా, మేనమామా?

మల్కాజిగిరి_సందీప్ · సోమవారం మధ్యాహ్నం 1:44

మామనే 🙏

గేటు_సుబ్బయ్య · సోమవారం రాత్రి 8:25

నేను జైలు వార్డరుగా ముప్పై ఏళ్లకి పైగా చేసినోణ్ని. సబ్ జైళ్లలో, సెంట్రల్ జైల్లో. మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నా.

రైతు గారూ, 43 రోజులు తక్కువ అంటున్నారు. అందులో ఏం జరుగుతుందో చెప్తా వినండి. 18 ఏళ్ల పిల్లోడు మొదటి వారం ఏడుస్తాడు. అన్నం తినడు. ములాఖత్‌కి అమ్మ వస్తే జాలీ అవతల నుంచి ఇంకా ఏడుస్తాడు. రెండో వారం బ్యారక్‌లో సబ్బు ఎవర్నడగాలో, బీడీ ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది. మూడో వారం నుంచి పాఠాలు. "రాగిలో ఏముందిరా పిచ్చోడా, తీగ పీకడానికే రెండు గంటలు. సెల్ టవర్ బ్యాటరీలు చూడు" అని చెప్పేవాడు ఒకడు ఉండనే ఉంటాడు. పోయేటప్పుడు వాడి దగ్గర నాలుగు ఫోన్ నంబర్లుంటాయి. ఒక్కటి కూడా చుట్టాలది కాదు.

పని లేకపోవడం అసలు రోగం. కఠిన కారాగార శిక్ష పడ్డోడికి పని ఉంటుంది, కూలీ ఉంటుంది. వడ్రంగం, మగ్గం, బేకరీ. ఇప్పుడైతే జైళ్ల శాఖ పెట్రోలు బంకులే నడుపుతోంది, శిక్ష పడినోళ్లే పెట్రోలు కొడుతున్నారు, చిల్లర సరిగ్గా ఇస్తున్నారు. రిమాండు వాడికి ఇవేమీ లేవు. పొద్దున లేచిన దగ్గర్నుంచి గోడ, పక్కోడి నోరు. మన దేశం జైళ్లలో నూటికి 75 మందికి పైగా శిక్ష పడనోళ్లే అని 2022 లెక్కల్లో ఉంది, మనవడు చూపించాడు. నాకు లెక్కలతో పనేముంది, పొద్దున సాయంత్రం తలకాయలు లెక్కబెట్టినోణ్ని.

పల్నాటి_రైతు · సోమవారం రాత్రి 8:50

బాబాయ్ గారూ, అంటే జైల్లో పెట్టకూడదంటారా? మరి నా మోటారు?

గేటు_సుబ్బయ్య · సోమవారం రాత్రి 9:02

పెట్టొద్దని కాదు నాయనా. పెడితే ఏదో ఒకటి చేయించేటట్టు పెట్టాలి. లేదా అసలు పెట్టకూడదు. ఈ 43 రోజులు రెంటికీ చెడ్డది.

పద్మజ_టీచర్ · మంగళవారం సాయంత్రం 5:30

పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. మీరంతా శిక్ష తక్కువైందని మాట్లాడుతున్నారు. నాది తిరగేసిన కథ.

మా ఎనిమిదో తరగతి పిల్ల వాళ్ల నాన్న గంజాయి మూట మోసుకెళ్తూ చెక్‌పోస్టులో దొరికాడు. మూట ఆయనది కాదు. ఘాట్ దాటించి రోడ్డు దగ్గర పెడితే మూడు వేలిస్తామన్నారు. పంచనామాలో తూకం 20 కిలోల 600 గ్రాములు. చట్టంలో 20 కిలోలు దాటితే అది "వాణిజ్య పరిమాణం". అక్కణ్నుంచి జైలు పదేళ్లకి తగ్గదు, లక్ష రూపాయల జరిమానాకి తగ్గదు. పద్దెనిమిది కిలోలైతే పదేళ్ల "వరకు", అంటే జడ్జి గారు ఏడాది కూడా వేయొచ్చు. ఆ 600 గ్రాముల్లో గోనె బరువెంతో నాకు తెలీదు. ప్లీడరు గారు అడిగారట, సంచితో కలిపి తూచారా, విడిగా తూచారా అని.

పదేళ్లు పడ్డాయి. లక్ష కట్టలేడు, దానికి ఇంకా జైలు. మూట ఇచ్చినవాడి పేరు చార్జిషీటులో "పరారీలో ఉన్నాడు" అని ఉంది. ఈ అమ్మాయి ఇప్పుడు బడికి రావడం లేదు.

నల్లకోటు · మంగళవారం సాయంత్రం 6:15

మేడమ్, ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసులు చేసేవాళ్లందరికీ ఈ గోనె సంచి ప్రశ్న తెలుసు.

చిత్రం చూడండి. రైతు గారి కేసులో జడ్జికి పూర్తి స్వేచ్ఛ, కానీ సమాచారం లేదు. మీ కేసులో సమాచారమంతా ముందున్నా స్వేచ్ఛ లేదు. ఆ మనిషి పేదవాడు, కూలీకి మోశాడు, పిల్లలున్నారు అని జడ్జి నమ్మినా కలం పదేళ్ల దగ్గర ఆగాల్సిందే. పైగా ఆ చట్టంలో 32ఏ అని ఒకటుంది. మిగతా ఖైదీలకి వచ్చే రెమిషన్, అంటే శిక్షా కాలం తగ్గింపు, వీళ్లకి రాదు. సత్ప్రవర్తనకి కూడా రోజులు తగ్గవు. ఇక జైల్లో బుద్ధిగా ఉండమని ఎలా చెప్తాం?

ఉలవచారు · మంగళవారం సాయంత్రం 6:40

టీచర్ గారి మీద గౌరవంతోనే అంటున్నా. ఆ గంజాయి వచ్చేది మా ఊరి కాలేజీల్లోకే. మా అక్క కొడుకు రెండేళ్లు పాడయ్యాడు. మోసేవాడు లేకపోతే అమ్మేవాడు ఎక్కడుంటాడు? పదేళ్లంటే భయం ఉండాలి కదా.

పద్మజ_టీచర్ · మంగళవారం సాయంత్రం 7:05

మీ మేనల్లుడి సంగతికి బాధగా ఉందండీ. కానీ భయపడాలంటే ముందు తెలియాలి. ఇరవై కిలోల గీత సంగతి ఆయనకి తెలీదు. నాకే ఆ కేసు తర్వాత తెలిసింది. ఆ గీత బాగా తెలిసినవాడు మూటలు కట్టేవాడు. అందుకేనేమో అతను ఎప్పుడూ మూట ముట్టుకోడు.

మల్కాజిగిరి_సందీప్ · మంగళవారం రాత్రి 7:30

కరెక్టే అక్కా. నా తీరు జెప్త. తాగి బండి నడిపితే ఆర్నెల్ల జైలు ఉంటదని మా గ్యాంగుల అందరికెర్కే. ఎవడు భయపడలె. ఎప్పుడు భయపడ్డం? ప్రతి శనివారం రాత్రి చెకింగ్ వెట్టినప్పుడు. క్యాబ్ బుక్ జేసుడు షురూ జేసినం. శిక్ష ఎంత అన్నది కాదు, దొరుకుతమా లేదా అన్నదే.

ఆస్టిన్_రాజు · మంగళవారం రాత్రి 10:10

ఇక్కడి ముచ్చట ఒకటి. పౌరసత్వం వచ్చాక నాకు జ్యూరీ పిలుపు వచ్చింది. టెక్సాస్‌లో ముద్దాయి కోరుకుంటే శిక్ష కూడా జడ్జి కాకుండా జ్యూరీయే వేస్తుంది. ఇంట్లో జొరబడి దొంగతనం చేసిన కేసు. రెండు నుంచి ఇరవై ఏళ్లు.

దోషి అని తేల్చేదాకా అతని పాత కేసుల సంగతి మాకు చెప్పలేదు. తేల్చాక రెండో అంకం. అప్పుడు వాళ్లమ్మ వచ్చింది, హైస్కూల్ కోచ్ వచ్చాడు, పాత చిన్న కేసులు రెండు బయటపడ్డాయి, ఇల్లు దోపిడీ అయిన ముసలావిడ వచ్చి అప్పట్నుంచి లైట్లన్నీ వేసుకొని పడుకుంటున్నానని చెప్పింది. ఏపీపీ గారు చెప్పిన ఆ రెండు వాక్యాల పని మాకు ఒక రోజంతా పట్టింది.

తర్వాత పన్నెండు మందిమి గదిలో కూర్చున్నాం. ఒకాయన పదిహేను అన్నాడు. ఒకావిడ ప్రొబేషన్ అంది, అంటే జైలు లేకుండా నిఘాలో వదలడం. నేను ఏం అనాలో తెలియక అయిదన్నా. ఎందుకు అయిదు? ఇప్పటికీ తెలీదు. చివరికి ఏడు దగ్గర ఆగాం, ఎవరి లెక్కా కాదు అది. ఫెడరల్ కోర్టుల్లో దీనికి ఒక పట్టిక ఉంది, 43 వరసలు, ఆరు నిలువు గళ్లు. నేరం తీవ్రత ఒక పక్క, పాత చరిత్ర ఒక పక్క, కలిసిన గడిలో నెలలు ఉంటాయి. 2005 నుంచి అది సలహా మాత్రమే, జడ్జిలు దాటొచ్చు. గడీ భయమే, గది భయమే.

ఉలవచారు · బుధవారం ఉదయం 9:00

ఇవన్నీ చిన్న కేసులు. పెద్ద వాటికైనా ఉరి వేయాలి కదా. యావజ్జీవం అని వేస్తారు, 14 ఏళ్లకి దండలేసి తీసుకొస్తారు. 2019లో దిశ కేసులో షాద్‌నగర్ దగ్గర చేసినట్టు చేస్తే

అడ్మిన్ · బుధవారం ఉదయం 9:12

పై వ్యాఖ్యను సగంలో కత్తిరించాను. ఎన్‌కౌంటర్లని పొగిడే రాతలు ఇక్కడ వద్దు. ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పిందో 2022లో అందరూ చదివారు, చంపాలనే కాల్చారని. శిక్ష గురించి మాట్లాడుకుంటున్నాం. విచారణే లేనిదాన్ని శిక్ష అనం.

నల్లకోటు · బుధవారం ఉదయం 10:20

14 ఏళ్ల సంగతి మాత్రం సరిచేయాలి, ఈ అపోహ ప్లీడర్లలోనూ ఉంది. యావజ్జీవం అంటే బతికున్నంత కాలం. 1961లో గోపాల్ గాడ్సే కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 14 ఎక్కడిదంటే, హత్యలాంటి నేరాల్లో యావజ్జీవం పడినవాణ్ని ప్రభుత్వాలు ఐదారేళ్లకే వదిలేస్తున్నాయని 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఏ సెక్షను తెచ్చారు: కనీసం 14 ఏళ్లు లోపల ఉండాలి, ఆ తర్వాతే ముందస్తు విడుదల ఆలోచన. అది నేల, పైకప్పు కాదు.

2008లో శ్రద్ధానంద కేసు నుంచి ఇంకో రకం వచ్చింది, ఉరికీ 14కీ మధ్య: రెమిషన్ లేకుండా ఇన్నేళ్లు, లేదా చివరి శ్వాస దాకా. 2019లో హనుమకొండలో తొమ్మిది నెలల పాప కేసు గుర్తుందా? కింది కోర్టు ఆగస్టులో ఉరి వేసింది, హైకోర్టు నవంబరులో "చివరి శ్వాస వరకు" అని మార్చింది.

దండల సంగతి నిజమే, ఒప్పుకుంటా. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2005లో కర్నూలు జిల్లా అధికార పార్టీ నాయకుడొకరికి గవర్నర్ శిక్ష తగ్గిస్తే, 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. క్షమాభిక్షలో కులం, మతం, పార్టీ చూడకూడదని చెప్పింది.

పాత_ఏపీపీ · బుధవారం సాయంత్రం 4:45

ఉరి మాట వచ్చింది. రైతు గారిది మా వైపే కాబట్టి చెప్తాను. 1993 మార్చి 8 తెల్లవారుజామున చిలకలూరిపేట బస్సు. హైదరాబాద్ నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సులో దోపిడీకని ఇద్దరు ఎక్కి పెట్రోలు పోసి అంటించారు. 23 మంది పోయారు. మా వైపు ఆ తరం వాళ్లు ఇప్పటికీ రాత్రి బస్సులో కిటికీ పక్క సీటు అడుగుతారు.

గుంటూరు సెషన్స్ కోర్టు ఇద్దరికీ ఉరి వేసింది. హైకోర్టు ఖాయం చేసింది, 1996లో సుప్రీంకోర్టూ చేసింది. 1997లో ఉరికి తేదీ పెట్టాక చివరి ఘడియల్లో ఆగింది. హక్కుల సంఘాల వాళ్లు తిరిగారు, రాశారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఉరి తీయాల్సిందేనని బార్ రూములో బల్ల గుద్దినవాణ్ని నేను. చదువు రాని ఇద్దరు కుర్రాళ్లు, చంపాలని కాదు బెదిరించాలని పోశారు అన్నది వాళ్ల తరఫు వాదన. 23 మంది పోయాక ఆ వాదన నా చెవికెక్కలేదు.

1980లో బచన్ సింగ్ తీర్పు ఉరిని "అత్యంత అరుదైన" కేసులకి పరిమితం చేసింది. నేరాన్ని మాత్రమే కాదు, నేరస్థుణ్నీ చూడమంది. 2022లో మనోజ్ కేసులో, ఉరి అడిగే ముందు ప్రభుత్వమే ఆ మనిషి మానసిక స్థితి గురించి, బతుకు గురించి వివరాలు తెచ్చి పెట్టాలని చెప్పింది. మధ్యలో నలభై ఏళ్లకి పైగా మేమేం తెచ్చాం? "సంపాదించేవాడు ఒక్కడే."

ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గే: 1977లోనే మన రాష్ట్రం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దారి చూపించారు. మహమ్మద్ గియాసుద్దీన్ కేసు. ఉద్యోగాలిప్పిస్తానని కుర్రాళ్ల దగ్గర డబ్బు గుంజిన మనిషి. మూడేళ్ల శిక్షను 18 నెలలకి తగ్గించి ఊరుకోలేదు ఆయన. వీడికి రాళ్లు కొట్టే పని కాదు, బుర్ర పెట్టే పని ఇవ్వండి, కూలీ ఇవ్వండి, పెరోల్ ఇవ్వండి అని జైలు వాళ్లకి తీర్పులోనే రాశారు. లా కాలేజీలో అది చదివి పరీక్ష రాశాను. సర్వీసులో ఒక్కసారి కూడా ఏ కోర్టు ముందూ చదవలేదు.

పల్నాటి_రైతు · బుధవారం రాత్రి 9:30

అందరూ పెద్ద మాటలు చెప్పారు. చదివాను, కొన్ని రెండుసార్లు చదివాను. కానీ నిజం చెప్తున్నా, నా కోపం తగ్గలేదు. వాడికి జైల్లో పాఠాలు చెప్పారంటే నాకేం ఒరిగింది? వాడు మారాలి, సరే. మారేది వాడైతే ఖర్చు నాదా? 32 వేలు, ఎండిన అరెకరం, వాయిదాలకి పోయినప్పుడల్లా కూలీ పోవడం. వాడు కట్టిన 500 కూడా సర్కారుకే పోయింది.

నల్లకోటు · బుధవారం రాత్రి 10:00

ఇప్పుడు అసలు చోటుకి వచ్చారు రైతు గారూ.

1958 నుంచి ప్రొబేషన్ చట్టం అని ఒకటుంది. 21 లోపు వాళ్లని, యావజ్జీవం దాకా పోని నేరాల్లో, జైలుకి పంపకూడదనేదే దాని 6వ సెక్షను. పంపితే ఎందుకో రాయాలి, ముందు ప్రొబేషన్ ఆఫీసరు నివేదిక తెప్పించుకోవాలి. ఆ కుర్రాడికి ఇరవయ్యే. ఆ చట్టాన్ని ఉపయోగించి ఉంటే, మూడేళ్ల దాకా మంచి నడవడికి బాండు, ఏడాదికి తగ్గకుండా ఆఫీసరు నిఘా పెట్టొచ్చు. తప్పితే మళ్లీ పిలిచి అసలు నేరానికే శిక్ష. దానికి తోడు 5వ సెక్షను: వదిలేటప్పుడే బాధితుడికి నష్టపరిహారం కట్టమని ఆదేశించొచ్చు. నెలకి రెండు వేలు చొప్పున కట్టించినా పదహారు నెలల్లో మీ మోటారు వచ్చేది.

"జైలు లేకుండా వదిలేశారు" అని మీరు తిట్టుకునే ఆ దారిలోనే మీకు డబ్బు ఉంది. "జైలు శిక్ష" అని కాగితం మీద పడిన ఈ దారిలో ఎవరికీ ఏమీ లేదు. పైగా జరిమానా వేస్తే పరిహారం ఆ జరిమానాలోంచే ఇవ్వాలి. 500 వేశారంటే మీకు మొత్తం ఇచ్చినా 500. జరిమానా వేయకుండా శిక్ష వేస్తే విడిగా ఎంతైనా ఇప్పించొచ్చు. పరిహారం ఇవ్వాలా వద్దా అని ప్రతి కేసులో ఆలోచించాలి, ఇవ్వకపోతే కారణం రాయాలి అని 2013లో అంకుశ్ గైక్వాడ్ తీర్పు చెప్పింది. మీ తీర్పు నకలు తీసుకొని అందులో ఆ పేరా ఉందేమో చూడండి.

గేటు_సుబ్బయ్య · బుధవారం రాత్రి 10:15

ఒక్క ముక్క అడుగుతా. ఆ రాగి కొన్నోడు ఎక్కడ?

పల్నాటి_రైతు · గురువారం ఉదయం 6:05

పాత ఇనుప సామాను కొట్టువాడా? వాడు సాక్షి బాబాయ్ గారూ. నాలుగో సాక్షి. "ఆ కుర్రాడు నాకు అమ్మాడు, దొంగ సొత్తని తెలీదు" అని చెప్పాడు. కొట్టు అక్కడే ఉంది. నిన్న పాలు పోయడానికి పోతుంటే చూశా, ముందు ఇంకో మోటారు పెంకు పడుంది.

పాత_ఏపీపీ · గురువారం ఉదయం 6:40

దొంగ సొత్తని తెలిసి కొంటే ఐపీసీ 411. దానికీ మూడేళ్ల వరకే, దొంగతో సమానం. కానీ దొంగ మీద కేసు నిలబడాలంటే సొత్తు ఎవరికి అమ్మాడో చెప్పేవాడు కావాలి. అందుకని కొన్నవాణ్ని సాక్షిగా మార్చుకుంటాం. "మార్చుకుంటాం" అని రాశాను, చూశారా. నేనూ చేశాను.

మల్కాజిగిరి_సందీప్ · గురువారం ఉదయం 9:10

టీచర్ అక్కోళ్ల కాడ మూట గట్టినోడు పరారీ. ఇక్కడ రాగి కొన్నోడు సాక్షి. బర్రెలోడు, కుర్రోడు, మోసినోడు లోపట. మంచిగుంది.

పల్నాటి_రైతు · తొమ్మిది రోజుల తర్వాత, శనివారం రాత్రి 8:00

తీర్పు నకలు వచ్చింది. రెండు పేజీలు. పరిహారం గురించి ఒక్క మాట లేదు, ఇవ్వకపోవడానికి కారణమూ లేదు. వయసు దగ్గర "సుమారు 20" అని ఉంది. ప్రొబేషన్ నివేదిక ఊసు లేదు. శిక్ష పేరా చదివాను. "ముసలి తల్లిదండ్రులు, సంపాదించేవాడు ఒక్కడే" అని ఉంది. ఏపీపీ గారూ, మీరే గుర్తొచ్చారు. ఆ కుర్రాడి తండ్రికి నలభై కూడా ఉండవు, నాతోపాటు మిర్చి యార్డుకి వస్తాడు.

నల్లకోటు · శనివారం రాత్రి 8:30

అసలేమీ ఇవ్వకపోవడం కూడా "తక్కువ పరిహారం" కిందికే వస్తుందని వాదిద్దాం. సెషన్స్ కోర్టులో అప్పీలు. తీర్పు వచ్చిన 30 రోజుల్లోపు వేస్తే మంచిది, నకలుకి పట్టిన రోజులు తీసేస్తారు. గ్యారంటీ ఇవ్వను. మీ దగ్గర మోటారు బిల్లు ఉందా?

పల్నాటి_రైతు · శనివారం రాత్రి 8:34

ఎక్కడో ఉండాలి. మా ఆవిణ్ని అడుగుతా.

పల్నాటి_రైతు · ఆదివారం ఉదయం 7:15

దొరికింది. పట్టాదారు పాస్‌బుక్కులో మడిచి పెట్టిందట. 2022 మార్చి తేదీ, 32,400. అక్షరాలు చెరిగిపోతున్నాయి, కంప్యూటర్ కాగితం. సోమవారం జిల్లా కోర్టుకి పోతున్నా.

గేటు_సుబ్బయ్య · ఆదివారం ఉదయం 7:40

ఇవాళే జిరాక్స్ తీయించు నాయనా, రెండు. ఆ కాగితం ఎండలో పెడితే తెల్లగా అయిపోతుంది.